జర్నల్‌కి పంపిన పేపర్ ఏమవుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్లు ఒక జర్నల్ సంపాదక వర్గంలో పని చేశాను. అంతకు ముందూ ఆ తర్వాతా పేపర్లు పంపి ఇన్‌బాక్స్ చూస్తూ కూర్చున్న రోజులూ చాలానే ఉన్నాయి. రెండు వైపులా నిలబడ్డాక ఒకటి అర్థమైంది. రచయితలు భయపడే చోట చాలాసార్లు ఏమీ జరగడం లేదు, నిశ్చింతగా ఉండే చోటే పేపర్లు దెబ్బతింటున్నాయి. కొత్తగా రాస్తున్నవాళ్ల సందేహాలు ఏటా అవే తిరిగి వస్తుంటాయి కాబట్టి, వాళ్ల మాటల్లోనే ఒకచోట చేర్చాను. మీ పేపర్ ఏ దశలో ఉంటే నేరుగా అక్కడికే వెళ్లండి. జర్నల్‌కీ జర్నల్‌కీ పద్ధతులు కొంత మారతాయి. మీ జర్నల్ సూచనల పేజీలో వేరేలా ఉంటే దాన్నే పాటించండి.

## పంపే ముందు

నా పేపర్‌కి ఏ జర్నల్ సరిపోతుందో ఎలా తేల్చుకోవాలి?

మీ రిఫరెన్సుల జాబితా ఒకసారి చూడండి. ఏ జర్నల్ పేరు అందులో నాలుగైదు సార్లు కనిపిస్తుందో, మీ పాఠకులు అక్కడే ఉన్నారు. దాని తాజా సంచికలు రెండు మూడు తిరగేయండి. మీ పేపర్ లాంటిది ఒక్కటీ కనిపించకపోతే ‘కొత్తగా ఉంటుంది కదా’ అని సరిపెట్టుకోకండి. ఎడిటర్ కంటికి అది పరిధి దాటిన పేపర్.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా ముందేసుకుని పైనుంచి ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చేవాళ్లు చాలామంది. ఆ అంకె చెప్పేది ఇంతే: గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు, అంటే ఇతర పేపర్లలో ప్రస్తావనలు, వచ్చాయో. మీ పేపర్‌ని అక్కడ ఎవరైనా చదువుతారా అన్నది దానికి తెలియదు. ఫలితం గొప్పదా చిన్నదా అని చూడకుండా, పని సరైన పద్ధతిలో జరిగిందా అన్నదే చూసే జర్నళ్లూ ఉన్నాయి. 2006లో మొదలైన ప్లాస్ వన్ ఈ దారికి పేరు తెచ్చింది. చిన్న ఫలితమైనా పని శుభ్రంగా ఉంటే అలాంటి చోటు చూసుకోవడం నామోషీ ఏమీ కాదు.

రోజూ ఏదో ఒక జర్నల్ ‘మీ అమూల్యమైన వ్యాసం పంపండి’ అని మెయిల్ పెడుతోంది. నమ్మొచ్చా?

సాధారణంగా నమ్మకూడదు. మంచి జర్నళ్లకు వద్దన్నా పేపర్లు వచ్చిపడుతుంటాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లని బతిమాలాల్సిన అవసరం వాటికి లేదు. మూడు రోజుల్లో రివ్యూ, అంటే బయటి నిపుణులు పేపర్ చదివి అభిప్రాయం చెప్పడం, అయిపోతుందన్నా, దంతవైద్యం నుంచి వంతెనల నిర్మాణం దాకా అన్నీ ఒకే జర్నల్లో వేస్తామన్నా, పేరు ఒక పాత జర్నల్ పేరుకి ఒక్క మాట తేడాతో ఉన్నా ఆగిపోండి. సంపాదక మండలిలో ఇద్దరి పేర్లు తీసుకుని, వాళ్ల సొంత పేజీల్లో ఆ జర్నల్ ఊసైనా ఉందేమో వెతకండి. తమ పేరు అక్కడ ఉందని కొందరికి అసలు తెలియనే తెలియదు. అందరూ ఉచితంగా చదవగలిగే ఓపెన్ యాక్సెస్ జర్నల్ అయితే, అలాంటి జర్నళ్ల జాబితా అయిన డీఓఏజేలో ఉందో లేదో చూడండి. అసలు జర్నల్ పేరూ ఐఎస్‌ఎస్‌ఎన్ అనే గుర్తింపు సంఖ్యా దొంగిలించి నకిలీ సైట్లు నడిపేవాళ్లూ ఉన్నారు కాబట్టి, మెయిల్లో ఇచ్చిన లింకు నొక్కకుండా ప్రచురణ సంస్థ పేజీ నుంచే లోపలికి వెళ్లండి.

ఒకే పేపర్‌ని రెండు జర్నళ్లకు ఒకేసారి పంపితే తప్పేంటి? ఎవరు ముందు ఒప్పుకుంటే వాళ్లకి ఇచ్చేస్తాను కదా.

తప్పే. పంపేటప్పుడు ‘ఇది వేరే ఎక్కడా పరిశీలనలో లేదు’ అనే గడిలో టిక్ పెట్టేది మీరే. ఒక విషయంలో లోతుగా పనిచేసేవాళ్లు ప్రపంచం మొత్తం మీద కొద్దిమందే ఉంటారు, రెండు జర్నళ్లూ వాళ్ల తలుపే తడతాయి. ఒకే వారంలో ఒకే పేపర్ రెండు జర్నళ్ల నుంచి వచ్చిందని ఒక రివ్యూయర్ మాకు రాసిన సందర్భం ఉంది. రెండు చోట్లా పోయింది. వేరే చోటికి పంపాలనిపిస్తే ముందు ఇక్కడ విత్‌డ్రా చేసుకుని, ఎడిటర్ ఒప్పుకున్నట్టు మెయిల్ వచ్చాకే పంపండి.

ప్రీప్రింట్ పెట్టేశాను. ఇక జర్నళ్లు తీసుకోవా?

రివ్యూకి ముందే అందరూ చదివేలా ఆన్‌లైన్‌లో పెట్టిన పేపరే ప్రీప్రింట్. దాన్ని ఎక్కువ జర్నళ్లు తీసుకుంటాయి. భౌతికశాస్త్రం వాళ్లు ఆర్కైవ్ అనే ప్రీప్రింట్ సైట్లో 1991 నుంచి పెడుతూనే ఉన్నారు, జీవశాస్త్రానికి బయోఆర్కైవ్ 2013లో వచ్చింది. ముందే ఇంకెక్కడైనా బయటికొచ్చిన ఫలితాలను వేయబోమని 1969లో ఒక ప్రముఖ వైద్య పత్రిక ఎడిటర్ ఇంగెల్‌ఫింగర్ పెట్టిన నియమం నీడ ఇంకా కొన్ని చోట్ల కనిపిస్తుంది, కానీ ప్రీప్రింట్ల విషయంలో అది చాలావరకు సడలింది. సబ్‌మిషన్ ఫారంలో ప్రీప్రింట్ లింకు దాచకుండా ఇవ్వండి. రచయితల పేర్లు దాచి రివ్యూ చేసే జర్నల్ అయితే మాత్రం పెట్టే ముందే వాళ్ల నియమం చదవండి. శీర్షిక వెతికితే మీ పేరు దొరికిపోతుంది మరి.

మా ల్యాబ్ పెద్దాయన పేపర్ చదవను కూడా లేదు. ఆయన పేరు పెట్టాలా?

నియమం ప్రకారం పెట్టకూడదు. వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ, అంటే ఐసీఎంజేఈ, రచయిత అనిపించుకోవడానికి నాలుగు షరతులు పెట్టింది. పనిలో గణనీయమైన పాలు ఉండాలి, రాయడంలోనో విమర్శనాత్మకంగా దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, తుది రూపానికి ఆమోదం తెలపాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉండాలి, ఏదో ఒకటి సరిపోదు. డబ్బు తెచ్చినవాళ్లకూ పరికరం ఇచ్చినవాళ్లకూ కృతజ్ఞతల్లో చోటుంది.

రోజువారీ ల్యాబ్‌లో ఇది చెప్పినంత తేలిక కాదని నాకూ తెలుసు. చదువు పూర్తి కావాల్సిన విద్యార్థి గైడ్‌కి ఎదురు చెప్పలేడు. పనికొచ్చే చిట్కా ఒకటుంది. పని మొదలైన రోజే, పేపర్‌లో ఎవరు ఏ పని చేశారో చెప్పడానికి జర్నళ్లు వాడే ‘క్రెడిట్’ అనే పట్టిక తీసి, అందులోని 14 పాత్రల్లో ఎవరెవరు ఏం చేస్తారో రాసుకుని అందరికీ మెయిల్ చేయండి. పేర్ల వరుస గురించి గొడవ వచ్చినప్పుడు మాట మీరు అననక్కర్లేదు, పట్టికే అంటుంది. ఒకసారి సబ్‌మిట్ చేశాక పేరు చేర్చాలన్నా తీయాలన్నా రచయితలందరి సమ్మతీ రాతపూర్వకంగా అడుగుతారు.

చాట్‌జీపీటీతో భాష దిద్దించుకున్నాను. చెప్పాలా?

జర్నల్ అడిగితే చెప్పండి. ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి, ఒక్క వాక్యం చాలు. రచయితగా మాత్రం దాని పేరు పెట్టడానికి లేదు. నేచర్, సైన్స్ లాంటి జర్నళ్లు 2023 మొదట్లోనే ఈ మాట తేల్చేశాయి, తప్పు జరిగితే యంత్రం జవాబుదారీ కాలేదు కాబట్టి. అది రాసిచ్చిన రిఫరెన్సులను ఒక్కొక్కటే తెరిచి చూడకుండా పంపకండి. లేని పేపర్‌ని ఉన్నట్టు చూపించిన జాబితా ఎడిటర్ కంటపడితే మిగతా పేపర్‌ని ఎవరు నమ్ముతారు?

కవర్ లెటర్ ఎవరైనా చదువుతారా?

నేను చదివేవాణ్ణి, అది కూడా సారాంశం కంటే ముందు. సగం పేజీ చాలు. ప్రశ్న ఏమిటి, ఏం తేలింది, ఈ జర్నల్ పాఠకులకు ఎందుకు పనికొస్తుంది. ‘మీ ప్రతిష్ఠాత్మక జర్నల్’ అని రాసి వేరే జర్నల్ పేరు వదిలేసిన లెటర్లు వారానికొకటైనా వచ్చేవి. దానికోసం రిజెక్ట్ చేయం గానీ, ఇంతకు ముందు ఎక్కడ రిజెక్ట్ అయిందో అలా తెలిసిపోతుంది.

## పంపిన మొదటి రోజులు

రెండో రోజే తిప్పి పంపారు, ‘ఫార్మాట్ సరిగా లేదు’ అని. రిజెక్ట్ అయినట్టా?

కాదు. ఎడిటర్ ఇంకా చూడనే లేదు. ఆఫీసు సిబ్బంది లిస్టు పెట్టుకుని సరిచూస్తారు: పదాల పరిమితి, బొమ్మల రెజల్యూషన్, నైతిక కమిటీ అనుమతి సంఖ్య, డేటా ఎక్కడుందో చెప్పే ప్రకటన, ఆర్థిక ప్రయోజనాల ప్రకటన. లేనిది చేర్చి తిరిగి పెడితే సరిపోతుంది. క్లినికల్ ట్రయల్ అయితే మాత్రం ఒక గండం ఉంది. మొదటి రోగిని చేర్చుకోక ముందే ట్రయల్ రిజిస్టర్ అయి ఉండాలని 2005 నుంచి ప్రధాన వైద్య పత్రికలు పట్టుబడుతున్నాయి. ఆ లోటుని తర్వాత పూడ్చలేరు.

సిమిలారిటీ 28 శాతం వచ్చిందట. కాపీ కొట్టానంటారా?

శాతం చూసి ఏ మంచి ఎడిటరూ తేల్చడు. ఐథెంటికేట్ లాంటి సాఫ్ట్‌వేర్ కలిసిన మాటలను రంగు వేసి చూపిస్తుంది, అంతే. రిఫరెన్సులూ, సంస్థల పేర్లూ, ప్రామాణిక ప్రయోగ పద్ధతి వర్ణనలూ కలిసి 28 కావచ్చు, ప్రమాదం లేదు. మరో పేపర్‌లో 9 శాతమే వచ్చినా, ఆ తొమ్మిదీ చర్చ భాగంలో ఒకే చోటి నుంచి దిగిన పేరా అయితే అసలు ఇబ్బంది అది. మీ పాత పేపర్ నుంచే తీసుకున్నా మూలం చెప్పాల్సిందే.

నాలుగు రోజుల్లో రిజెక్ట్ చేశారు. అసలు చదివారా?

పూర్తిగా చదివి ఉండరు. శీర్షిక, సారాంశం, బొమ్మలు, చివరి పేరా చూసి, ఇది రివ్యూకి పంపితే నిలుస్తుందా లేదా అని ఎడిటర్ అంచనా వేస్తాడు. దీన్నే డెస్క్ రిజెక్షన్ అంటారు. పేరున్న జర్నళ్లలో ఎక్కువ పేపర్లు ఇక్కడే ఆగిపోతాయి. నాకు ఇది కరుణతో చేసే పనే అనిపిస్తుంది. ఎలాగూ నిలవని పేపర్‌ని ఐదు నెలలు పట్టి ఉంచి కాదనడం కంటే నాలుగు రోజుల్లో చెప్పడం రచయితకే మేలు. రివ్యూకి పంపకపోవడానికి కారణం తరచుగా పరిధి, లేదా ప్రశ్నకూ డేటాకూ పొంతన లేకపోవడం. ఇంగ్లీషు బాగోలేక అని చాలామంది అనుకుంటారు. అర్థమయ్యేలా ఉంటే భాష ఒక్కటే కారణమై ఆగిన పేపర్లు నేను చూసినవి చాలా తక్కువ.

పేర్లు దాచి పంపమన్నారు. మొదటి పేజీలో తీసేశాను, ఇంకెక్కడ బయటపడుతుంది?

అనుకోని చోట్ల. వర్డ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో రచయిత పేరు ఉంటుంది. ట్రాక్ చేంజెస్‌లో ప్రతి కామెంటు పక్కనా గైడ్ పేరు నిలిచిపోతుంది. కృతజ్ఞతల్లో గ్రాంటు సంఖ్య, నైతిక అనుమతి వాక్యంలో సంస్థ పేరు, బొమ్మ ఫైలుకి మీ ఇంటిపేరు, డేటా లింకులో మీ ఖాతా పేరు. ‘మా గత అధ్యయనంలో చూపినట్టు’ అన్న వాక్యం అన్నిటికంటే గట్టి సాక్ష్యం. దాన్ని మూడో మనిషి గురించి చెప్పినట్టు మార్చండి.

## రివ్యూ నడుస్తుండగా

రెండు నెలలుగా ‘అండర్ రివ్యూ’ అనే ఉంది. ఎవరైనా చదువుతున్నారా?

చదువుతుండవచ్చు, ఇంకా చదివేవాళ్లే దొరక్కపోయి ఉండవచ్చు. కొన్ని జర్నళ్లలో మొదటి ఆహ్వానం వెళ్లగానే ఆ మాట కనిపిస్తుంది, మరికొన్నిట్లో ఇద్దరు ఒప్పుకున్నాకే. పేపర్లు పంపే ఎడిటోరియల్ మేనేజర్, స్కాలర్‌వన్ లాంటి ఆన్‌లైన్ వ్యవస్థల్లో ఏ దశకు ఏ మాట చూపాలో జర్నలే ఎంచుకుంటుంది. కాబట్టి మిత్రుడి జర్నల్లో ఆ మాటకున్న అర్థం మీ జర్నల్లో ఉండకపోవచ్చు.

ఎడిటర్ వైపు తెరపై కనిపించేది వేరు. ఒక పేపర్ సంగతి చెబుతాను. మొదట నలుగురిని పిలిచాను. ఒకరు గంటలోనే ‘సెలవులో ఉన్నాను’ అన్నారు. ఒకరు ‘ఇది నా విషయం కాదు’ అంటూ ఇంకొకరి పేరు ఇచ్చారు. ఇద్దరి నుంచి పలుకు లేదు. వారం ఆగి వ్యవస్థ వాళ్లను తీసేసింది. మళ్లీ నలుగురు, మళ్లీ ముగ్గురు. పదకొండో మనిషి ఒప్పుకునేసరికి ఆరు వారాలు గడిచాయి. ఆ ఆరు వారాలూ రచయితకి కనిపించింది ఆ రెండు మాటలే. తర్వాత మూడు వారాల గడువు, ఆ పైన రెండు వారాల ఆలస్యం, ఒక రిపోర్టులో నాలుగే వాక్యాలుంటే మూడో మనిషి కోసం మళ్లీ వేట. పేపర్‌ని ఎవరో కావాలని తొక్కి పెట్టారనుకునే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తు చేసుకోండి.

రివ్యూయర్లకు డబ్బులిస్తారా?

సాధారణంగా ఇవ్వరు. వాళ్లూ మీలాగే పాఠాలు చెబుతూ ప్రయోగాలు చేసుకుంటూ, రాత్రి పిల్లలు పడుకున్నాక మీ పేపర్ తెరిచేవాళ్లే. శాస్త్ర ప్రచురణ పెద్ద వ్యాపారమై కూర్చున్నాక కూడా ఈ శ్రమ ఉచితంగా నడవడం న్యాయమేనా అన్న ప్రశ్న రివ్యూయర్లే అడుగుతున్నారు, సబబైన ప్రశ్నే.

రివ్యూయర్ల పేర్లు సూచించమన్నారు. స్నేహితుల పేర్లు ఇవ్వొచ్చా?

వద్దు. గత మూడు నాలుగేళ్లలో కలిసి రాసినవాళ్లు, అదే సంస్థవాళ్లు, పాత గైడ్ కుదరరు. మీ రిఫరెన్సుల్లో ఉన్నవాళ్లలో మీకు పరిచయం లేనివాళ్లను, ముఖ్యంగా ఇప్పుడిప్పుడే పేరు తెచ్చుకుంటున్న యువ పరిశోధకులను ఇవ్వండి. పెద్ద పేర్ల వెనుక ఎడిటర్లందరూ పడతారు, వాళ్లు దొరకరు. ఈమెయిల్ సంస్థదే ఇవ్వండి. రచయితలే దొంగ మెయిల్ ఖాతాలు తెరిచి తమ పేపర్లను తామే రివ్యూ చేసుకున్న ఉదంతాలు బయటపడ్డాక జర్నళ్లు జాగ్రత్తపడ్డాయి. అలాంటి ముఠా ఒకటి బయటపడి 2014లో ఒకే జర్నల్ 60 వ్యాసాలను ఒక్కసారిగా ఉపసంహరించుకుంది. వద్దనుకునేవాళ్ల పేర్లు కూడా ఇవ్వొచ్చు. ఒకరిద్దరికి మించితే ఎడిటర్‌కి మీ మీదే అనుమానం వస్తుంది.

ఎప్పుడు గుర్తు చేయాలి? కోపం వస్తుందేమో?

రాదు. జర్నల్ తన పేజీలో చెప్పుకున్న సగటు సమయం దాటి మరో రెండు మూడు వారాలైతే రాయండి. పేపర్ సంఖ్య, శీర్షిక, పంపిన తేదీ, ‘రివ్యూ ఎంతవరకు వచ్చిందో తెలుసుకోగోరుతున్నాను’ అన్న ఒక్క వాక్యం. మా దగ్గర ఒక పేపర్ నిజంగానే మరుగున పడింది. చూస్తున్న ఎడిటర్ పదవి వదిలి వెళ్లాక కొత్తవారికి బదిలీ కాలేదు. రచయిత రాసిన ఆ ఒక్క మెయిల్ వల్లే బయటపడింది. పదో రోజే రాస్తే మాత్రం ఆఫీసు నుంచి తయారుగా ఉన్న జవాబే వస్తుంది.

పాతకాలపు మహా శాస్త్రవేత్తలూ ఈ బాధ పడ్డారా?

చాలామంది పడలేదు. 1665లో హెన్రీ ఓల్డెన్‌బర్గ్ ఫిలసాఫికల్ ట్రాన్సాక్షన్స్ అనే జర్నల్ మొదలుపెట్టినప్పుడు ఏది వేయాలో ఆయనే తేల్చేవాడు. బయటివాళ్లతో చదివించడం అన్ని చోట్లా తప్పనిసరైంది నిన్నమొన్నే. నేచర్ దాన్ని 1973లో గాని నియమం చేయలేదు. అందులోనే వచ్చిన 1953 నాటి డీఎన్‌ఏ నిర్మాణం పేపర్‌కి బయటి రివ్యూ లేదు.

1936లో ఐన్‌స్టీన్, నేథన్ రోజెన్‌తో కలిసి గురుత్వ తరంగాలు ఉండవంటూ ఒక పేపర్‌ని ఫిజికల్ రివ్యూకి పంపాడు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని రివ్యూయర్‌కి చూపించి, వచ్చిన విమర్శను తిప్పి పంపాడు. అచ్చుకి ఇచ్చిన దాన్ని నిపుణులకు చూపమని నేనెప్పుడు చెప్పానంటూ ఐన్‌స్టీన్ మండిపడి పేపర్ వెనక్కి తీసుకున్నాడు. తర్వాత మరో జర్నల్లో అచ్చయినప్పుడు అందులోని నిర్ధారణే మారిపోయింది. తప్పు పట్టిన రివ్యూయర్ హెచ్. పి. రాబర్ట్‌సన్ అని చాలా ఏళ్లకు గాని తెలియలేదు. రిపోర్టు చదివి కాగితాలు విసిరికొట్టాలనిపించిన రోజున నాకీ సంగతి ఊరటనిస్తుంది.

## నిర్ణయం వచ్చాక

‘మేజర్ రివిజన్’ అన్నారు. ఆశ ఉన్నట్టా లేనట్టా?

ఉన్నట్టే. వద్దనుకుంటే రిజెక్ట్ చేయడం ఎడిటర్‌కి తేలిక. మొదటి రౌండులోనే మార్పుల్లేకుండా అంగీకారం రావడం అరుదు, నేను పనిచేసిన ఏళ్లలో చూసినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎడిటర్ లేఖని జాగ్రత్తగా చదవండి. ‘ముఖ్యంగా రెండో రివ్యూయర్ మూడో అంశం’ అని ఎత్తి చూపితే అసలు పరీక్ష అదే. గడువు చాలకపోతే అది ముగియక ముందే అడగండి, దాదాపు ఎప్పుడూ ఇస్తారు. గడువు దాటాక పంపితే వ్యవస్థ దాన్ని కొత్త పేపర్‌గా లెక్కగట్టి మళ్లీ మొదటికి తీసుకుపోవచ్చు.

రివ్యూయర్లకు జవాబు ఎలా రాయాలి?

ఈ ఒక్క పత్రం మీద పెట్టిన రెండు రోజులు ఎక్కడికీ పోవు. చాలామంది పేపర్‌ని కష్టపడి దిద్ది, జవాబుని మాత్రం పది నిమిషాల్లో ముగిస్తారు. రెండో రౌండులో రివ్యూయర్ ముందు తెరిచేది జవాబునే. అది సంతృప్తిగా ఉంటే పేపర్‌ని మళ్లీ మొదటి నుంచి చదవకపోవచ్చు కూడా.

రివ్యూయర్ ఇలా అన్నాడనుకుందాం: ‘24 మందితో ఇంత పెద్ద నిర్ధారణకు రాలేరు.’ తరచుగా వచ్చే జవాబు ఇది: ‘విలువైన సూచనకు ధన్యవాదాలు. తగిన మార్పులు చేశాం.’ ఏం చేశారో, ఎక్కడ చేశారో వెతుక్కోవాల్సింది రివ్యూయరే. అతనికి చిరాకు మొదలైంది. ఇంకో జవాబు చూడండి: ‘24 మంది తక్కువే, ఒప్పుకుంటున్నాం. ప్రయోగం ముగిసింది కాబట్టి ఇప్పుడు కొత్తవారిని చేర్చలేం. అందుకని శీర్షికలో “నిరూపణ” తీసేసి “తొలి సూచనలు” అని మార్చాం. 11వ పేజీ 214వ పంక్తి నుంచి పరిమితుల మీద కొత్త పేరా చేర్చాం. ఆ పేరా ఇది.’ దాని కింద పేరా మొత్తం దించాలి. అడిగింది చేయలేకపోయినా ఈ జవాబు నిలుస్తుంది.

ప్రతి వ్యాఖ్యనూ ఉన్నదున్నట్టు పెట్టి, కిందే మీ జవాబు వేరే రంగులో రాయండి. ఇబ్బందిగా ఉన్నదాన్ని దాటేయకండి, దాటేసింది ఒక్కటే అయినా అదే కనిపిస్తుంది. రివ్యూయర్‌కి మీ వాక్యం తప్పుగా అర్థమైతే, ‘మీరు సరిగా చదవలేదు’ అనకుండా ‘మేం స్పష్టంగా రాయలేదు, ఇప్పుడిలా మార్చాం’ అనండి. నిజానికి తప్పు చాలాసార్లు ఆ వాక్యంలోనే ఉంటుంది. కోపం వచ్చిన రోజున మాత్రం రాయకండి.

ఒక రివ్యూయర్ భాగం తీసేయమంటాడు, ఇంకొకరు పెంచమంటారు. ఎవరి మాట వినాలి?

పేపర్‌కి ఏది మంచిదో మీరే తేల్చుకుని, కారణం చెప్పి, మిగిలినవారికి మర్యాదగా కాదనండి. ఓట్లు లెక్కపెట్టడం కాదిది. తేల్చేది ఎడిటర్. పెద్ద విషయమైతే, ఏ దారి మేలని దిద్దే ముందే ఎడిటర్‌కి చిన్న మెయిల్ రాసి అడగొచ్చు.

రివ్యూయర్ ఒకే మనిషి పేపర్లు ఆరు సైట్ చేయమంటున్నాడు. ఆ మనిషి తనేనేమో?

కావచ్చు. నిజంగా పనికొచ్చేవి ఉంటే వాడుకోండి. మిగతావాటికి ‘చదివాం, మా ప్రశ్నకు నేరుగా సంబంధం లేదనిపించింది’ అని రాసి, ఎడిటర్‌కి మాత్రమే కనిపించే లేఖలో సంగతి చెప్పండి. సైటేషన్ల కోసం ఒత్తిడి చేయడం అనైతికమని ప్రచురణ నైతికత చూసే కోప్ మార్గదర్శకాలూ చెబుతున్నాయి. వాటిని చేర్చనందుకు మంచి ఎడిటర్ ఎవరూ పేపర్ ఆపరు.

రిజెక్ట్ చేశారు. అప్పీల్ చేస్తే మారుస్తారా?

రివ్యూయర్ తేల్చి చెప్పదగ్గ తప్పు చేస్తేనే. మీ డేటాలో ఉన్న కంట్రోల్ గ్రూప్‌ని లేదన్నాడు, సరైన సూత్రాన్ని తప్పన్నాడు, అలాంటిది. ‘అంత ముఖ్యం కాదు’ అన్న అభిప్రాయం మీద అప్పీల్ నెగ్గడం కష్టం. నెలలు పోతాయి, ఈలోగా వేరే చోటికి పంపడానికీ వీలుండదు.

రిజెక్టయిన పేపర్‌ని అలాగే ఇంకో జర్నల్‌కి పంపేయొచ్చా?

పంపొచ్చు, పంపకండి. అదే రివ్యూయర్ చేతికి మళ్లీ వెళ్లే అవకాశం మీరు అనుకునేదాని కంటే ఎక్కువ. కామా కూడా మారలేదని చూసినప్పుడు కలిగే భావం నాకు రివ్యూయర్‌గా బాగా తెలుసు.

## అంగీకారం తర్వాత

ప్రూఫ్, అంటే అచ్చుకి ముందు సరిచూసే ప్రతి, పంపి 48 గంటల్లో చూడమన్నారు. ఏం చూడాలి?

అచ్చుతప్పులకంటే ముందు పట్టికలు. మీ ఫైలుని ఎక్స్‌ఎమ్‌ఎల్‌గా మార్చేటప్పుడు దెబ్బతినేవి అవే: నిలువు వరుస ఒకటి జరుగుతుంది, మైనస్ గుర్తు హైఫన్ అవుతుంది, మ్యూ అక్షరం ఎగిరిపోయి మైక్రోగ్రాము కాస్తా గ్రామవుతుంది. నా పేపర్ ఒకదానిలో బొమ్మ ‘ఎ’ కింద ‘బి’ వర్ణన పడింది, ముగ్గురు రచయితలం చూసీ పట్టుకోలేదు. పేర్ల అక్షరక్రమం, సంస్థ పేరు, గ్రాంటు సంఖ్య, కాపీ ఎడిటర్ అడిగిన ప్రశ్నలు ఒక్కొక్కటీ చూడండి. పని గురించి ఏమీ తెలియని మిత్రుడి చేత అంకెలు పైకి చదివించి, మూలంతో మీరు పోల్చుకోండి. వాక్యాలు తిరగరాసే సమయం ఇది కాదు.

అంగీకరించాక డబ్బు అడుగుతున్నారు. మోసమా?

ముందే చెప్పి ఉంటే కాదు. అందరూ ఉచితంగా చదివేలా పెట్టే గోల్డ్ ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు చాలానే రచయిత నుంచి ప్రచురణ రుసుము తీసుకుంటాయి. డైమండ్ రకం ఎవరి దగ్గరా తీసుకోదు. చందా జర్నళ్లలో రుసుము మీ ఇష్టం, కట్టకపోతే వ్యాసం చందాదార్లకే కనిపిస్తుంది. మీ సంస్థకు ప్రచురణకర్తతో ఒప్పందం ఉందేమో లైబ్రరీలో అడగండి. రుసుము తగ్గింపు లేదా మాఫీ కావాలంటే సబ్‌మిట్ చేసేటప్పుడే అడగాలి, అంగీకారం తర్వాత చాలాచోట్ల వినరు. సైట్లో ఎక్కడా లేని రుసుము అంగీకార లేఖలో హఠాత్తుగా కనిపిస్తే మాత్రం అనుమానించండి.

నా పేపరే కదా, నా వెబ్‌సైట్లో పెట్టుకోకూడదా?

ఏ రూపం అన్నదాన్ని బట్టి. రివ్యూకి ముందు రాసింది ఒక రూపం, అంగీకరించిన మీ ఫైలు రెండోది, జర్నల్ అచ్చొత్తిన పీడీఎఫ్ మూడోది. కాపీరైట్ రాసిచ్చేసి ఉంటే మూడోది సాధారణంగా పెట్టకూడదు. రెండోది కొన్ని నెలల నిషేధం తర్వాత పెట్టనిస్తారు. మూలం చెప్పి ఎవరైనా వాడుకోవచ్చనే సీసీ బై లైసెన్సు కింద వచ్చి ఉంటే మూడూ పెట్టొచ్చు, ఎవరైనా పెట్టొచ్చు. మీ జర్నల్ నియమం ఓపెన్ పాలసీ ఫైండర్ (పాత పేరు షెర్పా రోమియో) అనే సైట్లో పేరు కొడితే కనిపిస్తుంది.

ఆన్‌లైన్‌లో వచ్చింది గానీ వాల్యూమ్, పేజీ నంబర్లు లేవు. ప్రచురించినట్టేనా?

ప్రచురించినట్టే. ‘10.’తో మొదలయ్యే డీఓఐ, అంటే వ్యాసానికి ఇచ్చే శాశ్వత గుర్తింపు సంఖ్య, ఉంటే దానితో సైట్ చేయొచ్చు. సంచికలో చేరాక పేజీలు వస్తాయి, డీఓఐ మారదు.

## అచ్చయ్యాక

నా పేపర్లో నాకే తప్పు దొరికింది. నోరు మూసుకుని ఊరుకోనా?

ఎడిటర్‌కి రాయండి. అంకె తప్పుపడి నిర్ధారణ నిలిచే ఉంటే సవరణ వేస్తారు. నిర్ధారణే కూలిపోతే ఉపసంహరణ. ఉపసంహరణ అంటే మోసమే అని అందరూ అనుకుంటారు, అది నిజం కాదు. 2018లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్ 2019లో సైన్స్‌లో వచ్చిన తమ పేపర్‌ని, ఫలితాలు మళ్లీ రావడం లేదని, 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఆ సంగతి బయటపెట్టిందీ ఆవిడే, క్షమించమని అడిగిందీ ఆవిడే. ఆమె పరువు తగ్గలేదు, పెరిగింది. దానికి ఎదురుగా, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన, 1998లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన పేపర్‌ని పూర్తిగా ఉపసంహరించడానికి 2010 దాకా పట్టింది. ఆ పన్నెండేళ్లూ అది చేయాల్సిన చేటంతా చేసింది.

ఉపసంహరించిన పేపర్ మాయమైపోతుందా?

మాయం చేయరు. అదే చిరునామాలో ఉంటుంది, ప్రతి పేజీ మీదా అడ్డంగా ‘రిట్రాక్టెడ్’ అని పడుతుంది, పక్కన కారణం చెప్పే నోటీసు ఉంటుంది. అయినా పాత పీడీఎఫ్ కంప్యూటర్లో దాచుకున్నవాళ్లు తెలియక సైట్ చేస్తూనే ఉంటారు. ఉపసంహరించిన పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితా 2023 నుంచి, డీఓఐలు నమోదు చేసే క్రాస్‌రెఫ్ సంస్థ చేతిలో అందరికీ ఉచితంగా ఉంది. రిఫరెన్సులు దాచుకునే జొటేరో సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లకు అలాంటి పేపర్ ఉంటే అదే ఎర్రగా చూపిస్తుంది. మీ తర్వాతి పేపర్ పంపే ముందు రిఫరెన్సుల జాబితాని ఒకసారి అందులో వేసి చూడండి. పోయిన ఏడాది నా జాబితాలోనే ఒకటి దొరికింది.